చిన్నమ్మ ఇంటి మీద ఎర్ర మచ్చ

హలో… ఆ, నేనేరా అభిలాష్, అమ్మను. ఏమైంది? ఫోన్ మోగంగనే అనుకున్న, ఏదో అయిందని. మెట్రో నడుమల ఆగిందా? మీ నాయినకు కళ్లు తిరిగినయా?

— ఏం కాలేదా? మరి ఎందుకు చేసినవ్? … మంచి ముచ్చటనా? ఫోన్ల మంచి ముచ్చటంటే నాకు ఇంకా భయం.

— ఆ, దుకాణంలనే ఉన్న. … జ్యోతిక పీకో మిషన్ మీద ఉంది. ఒకామె రంగు కలుస్తదో లేదో చూడనీకి బ్లౌజు పీసు పట్టుకొని వెలుతురుకు పోయింది, గంట దాకా రాదు. చెప్పు.

— రెండో దుకాణానికి జాగ దొరికిందా! ఎల్బీనగర్లనా? … ఎవరు చూపించిండ్రు? … మ్యాపా? … ఆ, యాదికుంది. మన దగ్గర చీరలకు ఫాల్ కుట్టించుకునేటోళ్లు ఏ గల్లీల ఉంటరో ఆడ చుక్క పెడుతది అన్నవ్ గదా, గదే గదా?

— చుక్కలు ఎక్కువుంటే ఎర్రగైతదా? … కాలినట్టా? … కాదా, మంచిదా? ఏమోరా, ఎర్రగుంటే నాకు దవాఖాన రిపోర్టే యాదికొస్తది.

— గంత ఎర్రగుందా? … ఒక్క దగ్గరనేనా? … ఏ గల్లీ?

— మళ్ల చెప్పు.

— … మీ చిన్నమ్మ గల్లీ.

— ఏంలే. మంచిగనే ఉన్న. జర నీళ్లు తాగుత, ఆగు.

— ఆ… ఇంటికి ముంగటి షట్టరేనా? కరెక్టుగ ముంగటనే? … మీ నాయిన ఏం చేస్తుండు? … ఓనరుతోని కూసున్నడా? సంతకమా? ఇప్పుడేనా?

— అభీ, రాహుకాలం రా! … అయిపోయిందా? యమగండం చూసినవా? … అదీ లేదా. … నాయిన కళ్లద్దాలు తెచ్చుకున్నడా? సదవకుండ పెట్టొద్దను. … రెండుసార్లు సదివిండా. … షట్టరుకు చెదలున్నయేమో… ఇనుపదా. అవునవును, షట్టరు ఇనుపదే ఉంటది.

— అరుస్తున్ననా? లేదే. … అభీ, నాయినను పెన్ను పక్కకు పెట్టమను. నేను ఒకటి చెప్త. కోపం చెయ్యనని ముందు ఒట్టెయ్యి. … ఉహుఁ, ముందు ఒట్టు.

— ఆర్నెల్ల కింద గా మ్యాపు కోసమని నువ్వు బుక్కు ఇచ్చినవ్ గదా. ఒచ్చినామె పేరు, నంబరు, అడ్రస్ రాయమన్నవ్. … రాసిన రా. పేర్లు నిజమే. నంబర్లు నిజమే.

— అడ్రస్ అడిగితే మొదటిరోజే ఒకామె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. ఫాల్ కుట్టనీకి మా ఇల్లెందుకమ్మా అన్నది. నిజమే గదా! అందరి ఇండ్లు మన బుక్కుల ఉండుడేంది? ఆ బుక్కు దొంగల చేతిల పడితే? వరుసగ ఇల్లిల్లు దోచుకుంటే? పోలీసోళ్లు ముందుగాల రాసినామెనే పట్టుకపోతరు. … నవ్వకు!

— అందుకని అడగలే. … ఎవ్వర్నీ. … గడి ఖాళీగుంటే నువ్వు తిడ్తవని, అందరికీ ఒక్కటే అడ్రస్ రాసిన.

— మనింటిది ఎట్ల రాస్తరా? దొంగలు మనింటికే ఒస్తరు గదా! … మీ చిన్నమ్మది రాసిన. దానింట్ల కుక్కుంది. గా చంటిగాడు పాలాయననే గేటు దాటనియ్యడు, దొంగలెంత!

— ఎంతమందా… రెండు బుక్కులు నిండినయి. ఆరొందలుంటరేమో. … నన్నంటవేందిరా? ఆరొందల మంది ఆడోళ్లు ఒక్క ఇంట్ల ఉంటరా అని నీకు అనుమానం రావొద్దా? … అపార్ట్‌మెంట్ అనుకున్నవా? … చిన్నమ్మ ఇంటి నంబరు తెల్వదా? … నీలం గేటని తెలుసా. బాగుంది. చిన్నప్పుడు పండుగ పండుగకు పోయి బొబ్బట్లు తిన్నవ్, నంబరు తెల్వది.

— మరి మన దుకాణమున్న దిల్‌సుఖ్‌నగర్ల ఒక్క చుక్క లేదు గదా, అదన్న సూడలేదా? … అందరూ ఎల్బీనగర్ నుంచి మెట్రో ఎక్కి మన కాడికే ఒస్తున్నరనుకున్నవా! … ఫాల్ కోసమా?

— అభీ?

— ఉన్నవా? … సిగ్నల్ పోయిందా?

— తిట్టరా, తిట్టు. ఊకుంటే నాకు ఇంకా భయమైతది.

— నాయిన సంతకం పెట్టిండా ఏంది? … పడిపోయిండా? … ఎవరన్న మాట్లాడుండ్రి!

— హలో? … ఎవరు?

— … కృష్ణా? నువ్వానే చెల్లే? … ఇంట్లకెల్లి ఆళ్లకు చాయ తెచ్చినవా? మంచిపని చేసినవ్. … ఎప్పట్నుంచి నిలబడ్డవ్? … స్పీకర్ల పెట్టిండా వీడు! … రాహుకాలం కాడికెల్లి ఇన్నవా? … దొంగల ముచ్చట గూడనా?

— పెన్ను? … బావ చేతిలకెల్లి గుంజుకున్నవా? సంతకం పడలేదు గదా? … అమ్మయ్య! చెల్లెంటే నువ్వేనే.

— … అట్లంటవేందే! నీ ఇంటికి దొంగల్ని నేనెందుకు తోలుత? చంటిగాడున్నడన్న ధైర్యంతోనే రాసిన. … ఎట్లున్నడు వాడు? … ఏంది?

— మరిదికి ఇచ్చేసిండ్రా? … ఎప్పుడు? … పోయిన దసరాకేనా!

— అంటే… ఆర్నెల్ల సంది ఆ ఇంట్ల కుక్కే లేదా?

— కృష్ణా, చాయ పట్టుకొని ఒచ్చినవ్ గదా… గేటేసి ఒచ్చినవా? … యాదికి లేదా! పోవే, ముందు పో! ఉరుకు! … కృష్ణా? … హలో?