విటమిన్ల సీసా

ఏమండీ డాక్టరుగారూ, మా అమ్మకి మతి తప్పిందని రాయబోతున్నారు సరే, ఆవిడ ఏ మందులు మింగుతోందో ఒక్కసారైనా సీసా మూత తీసి చూశారా?

చూడలేదు. అదిగో, ఫారం తిప్పుతున్నారు. "ఇతర మందులు" అన్నచోట "విటమిన్లు" అని ఉంది కదూ? ముత్యాల్లాంటి అక్షరాలు. అమ్మవే.

లేదండీ, కూర్చోను. దాని మీద మీ సంతకం పడితే ఎల్లుండి నుంచి ఆవిణ్ణి టికెట్ కౌంటర్లో కూర్చోనివ్వరు. ఇరవై ఆరేళ్ల కుర్చీ అది.

ఎవరో రెండు టికెట్లడిగితే ఐదిచ్చిందట. ఒకే మనిషిని "ఎక్కడికెళ్లాలండీ?" అని మూడుసార్లు అడిగిందట. నిజమే. నేనేం కాదనట్లేదు.

కానీ కౌంటర్లోంచి లేవాలంటే బదులు ఇంకొకరొచ్చి కూర్చోవాలి. అమ్మకేమో అరగంటకోసారి బాత్రూంకి పరుగు. "మళ్లీనా తల్లీ!" అని పక్క కౌంటర్ పెద్దమనిషి ఎకసెక్కం. ఆర్నెల్ల కిందట వేరే డాక్టరమ్మ దానికి మాత్రలిచ్చారు. పరుగు తగ్గింది.

ఈమధ్య తుమ్ములు పట్టుకున్నాయి. తనే వెళ్లి ఎలర్జీ మాత్రలు కొనుక్కుంది. పూటకొకటి. ఎవర్నడగాలి, చిన్న మాత్రే కదా!

ఇవాళ పొద్దున రెండూ అయిపోయాయంటే నేను వెళ్లాను. మందులషాపాయన రెండట్టలూ పక్కపక్కన పెట్టి, "ఇవి రెండూ ఒక్కరికేనామ్మా?" అన్నాడు. రెండూ ఒంట్లో తడి ఆరబెట్టేవేనట. కలిస్తే నోరు పిడచకట్టుకుపోతుందట. పెద్దవాళ్లకైతే బుర్ర మసకబారుతుందట. ఒక్కోసారి మూత్రం పూర్తిగా ఆగిపోతుందట.

మరి విటమిన్లని ఎందుకు రాసిందంటారా?

ఫారం నింపుతున్నప్పుడు ఆ పెద్దమనిషి పక్కనే కూర్చున్నాడు, తోడొచ్చాడు పాపం. పైగా సీసా మీద ఉన్నదీ అదే. మాత్రల పేరు చూసి నవ్వుతారని అమ్మ ఏడిస్తే, పాత విటమిన్ల సీసాలో పోసిచ్చింది నేనే. కాలేజీలో వాదనకి దిగితే ఎదుటివాళ్లకి చెమటలు పట్టించినదాన్ని. "నవ్వితే నవ్వనీ అమ్మా" అన్న ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

అదిగో, తలుపు సందులోంచి చూడండి. బెంచీ మీద ఆవిడే. నోరెండుతోందని పొద్దున్నించి మూడు సీసాల నీళ్లు తాగింది. ఒక్కసారీ లేవలేదు. మా అమ్మ! మందు భలే పనిచేస్తోందని మురిసిపోతోంది.

ఆ పెన్ను పక్కన పెట్టండి. లేచి రండి, ముందు ఆవిడ పొట్ట చూడండి.