సారు ఫోనుకొచ్చే నంబరు

(రాజమండ్రి, దానవాయిపేట. కిందటేడు చనిపోయిన ప్రొఫెసర్ జగన్నాథరావు గారి ఇల్లు. ఆయన భార్య లోవలక్ష్మి, ఆయన దగ్గర పీహెచ్‌డీలో చేరిన నాగదుర్గ.)

"అదేంటే, నంబరు కోసం ఫోను చేస్తావని చేత్తో పట్టుకు కూర్చుంటే, మనిషివే ఊడిపడ్డావు! అంతర్వేది నుంచి ఏ బస్సుకి బయల్దేరావు?"

"మొదటి బస్సుకండి. అమ్మగారూ, మీతో ఒక మాట..."

"ముందు లోపలికి రా. మాట ఎక్కడికీ పారిపోదు. సారు ఫోను ఫుల్లుగా చార్జింగు పెట్టి ఉంచాను. కంప్యూటరు తెచ్చుకున్నావా? ఇక్కడే తెరువు, ఎదురుగా కూర్చుని నంబరు చెప్పేస్తాను."

"ఈవేళ నంబరు వద్దండి."

"వద్దా?"

"ఇంకెప్పుడూ వద్దండి."

"ఆదివారం కూడా అడిగేదానివి. తుఫానప్పుడు కూడా అడిగావు. ఏమైందిప్పుడు? కాఫీ తాగుతావా, టిఫిన్ పెట్టనా? పెసరట్టు పిండి ఉంది."

"వద్దండి. కూర్చోండి మీరు."

"నన్ను కూర్చోబెట్టేంత మాటా? పెళ్ళి కుదిరిందా ఏంటి?"

"పెళ్ళీ లేదు, పేరంటమూ లేదండి. నిన్న యూనివర్సిటీ కంప్యూటర్ సెక్షన్ నుంచి ఫోను వచ్చింది. సురేష్‌బాబు గారని."

"ఏమంటాడు?"

"చనిపోయిన మనిషి రోజూ పొద్దున్నే యూనివర్సిటీ లైబ్రరీలోకి ఎలా వస్తున్నారమ్మా, అని అడిగారండి."

"ఆగు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూస్తున్నాను."

"మీ తలమీదే ఉందండి."

"ఆయ్, ఇక్కడే ఉంది. నువ్వేం చెప్పావు అతనికి?"

"సిగ్నల్ సరిగ్గా లేదండీ అని పెట్టేశాను. మా అంతర్వేది పల్లెపాలెంలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందండి ఆ టైంకి."

"నీకు ఫోను ఎందుకు చేశాడు మరి? నువ్వని ఎలా తెలిసింది?"

"సారు పేరు మీద లైబ్రరీలోంచి దింపిన పేపర్లన్నీ పీతల గురించే కదండీ. సారు దగ్గర మండపీతల మీద చేసేదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళేమన్నా పిచ్చివాళ్ళా?"

"నాకు ఒక్కటి అర్థం కాదు. నువ్వు దొంగతనం చేసినట్టు మాట్లాడతావేంటి? మీ ఇంట్లో కూర్చుని లైబ్రరీలో కాగితాలు చదువుకున్నావు. ఎవరి కొంప మునిగింది?"

"దాన్ని వీపీఎన్ అంటారండి. అంటే... యూనివర్సిటీకి దొడ్డిగుమ్మం లాంటిది అనుకోండి. దూరంగా ఉన్నవాళ్ళు అందులోంచి వెళ్తే లోపలున్న పుస్తకాలన్నీ కనబడతాయి. ఎవరి తాళం వాళ్ళకే ఇస్తారు. ఇంకొకరికి ఇవ్వనని ఒప్పుకుంటేనే ఇస్తారు. నేను సారు తాళంతో వెళ్ళాను. పేరూ ఆయనదే, పాస్‌వర్డూ ఆయనదే. ఆఖర్న ఆయన ఫోనుకి నంబరొస్తే..."

"నేను చదివాను."

"మీకు తెలీకుండా చదివించానండి. అది వేరు."

"ఊఁ. ఇప్పుడేం చేస్తారట?"

"రేపు కమిటీ ముందుకు రమ్మన్నారు. రిజిస్ట్రేషన్ తీసేయొచ్చంట. తీసేస్తే ఇంక అంతేనండి, ఇన్నేళ్ళ పనీ గోదాట్లో కలిసిపోయినట్టే. మా నాన్న వీరబాబు మీకు తెలుసు కదా. వలలో పడ్డ పీతల్ని నేను కొలిచేదాకా షావుకారుకి ఇచ్చేవాడు కాదు. వ్యాన్ దగ్గర నిలబడి షావుకారు తిట్టేవాడు, మా నాన్న పడేవాడు. మా పిల్ల డాక్టరవుతాదని పాలెమంతా చెప్పాడు. పీతల డాక్టరంటే ఏంటో ఆయనకీ తెలీదు, వినేవాళ్ళకీ తెలీదు. రేపు ఆయన మొహం ఎలా చూడను?"

"ఏడవకు. ఏడవకు ముందు. నేనొస్తాను రేపు."

"ఎక్కడికండి?"

"కమిటీకి. నేనే వాడానని చెప్తాను. మొగుడి పుస్తకాలు పెళ్ళాం చదువుకోకూడదని ఎక్కడన్నా ఉందా?"

"మండపీతల గుడ్ల మీద ఉప్పునీళ్ళ ప్రభావం గురించి మీరు రోజూ ఇంగ్లీషులో చదువుకున్నారంటే నమ్ముతారా అండి?"

"ఎందుకు నమ్మరు? ముప్పూటలా ఆ పీతల గోలే విన్నాను ఈ ఇంట్లో. అన్నం దగ్గర పీతలు, పక్కమీద పీతలు. పీతల సారు అని పిల్లలు వెనకాల అంటున్నారని అలిగి, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదాయన. నాతో ఎందుకు మాట్లాడలేదో ఇప్పటికీ తెలీదు."

"నవ్వించకండి అమ్మగారూ. నాకు నవ్వొస్తే ఇంకా ఏడుపొస్తుంది."

"సరే, అది కాకపోతే ఇంకోటి చెప్దాం. సారు సగంలో వదిలేసిన పుస్తకం నువ్వు పూర్తి చేస్తున్నావు కదా. దాని కోసం వాడానని చెప్పు. గురువు గారి పుస్తకం కోసం అంటే కమిటీ వాళ్ళు మాత్రం మనుషులు కారా? పైగా అది నిజమే కదా?"

"కాదండి."

"ఏది కాదు?"

"పుస్తకం లేదండి."

"అంటే, ఇంకా అవ్వలేదా?"

"అసలు లేదండి. సారు రాయలేదు. నేనూ రాయలేదు. మొదటి రోజు నంబరు అడిగితే ఎందుకే అన్నారు మీరు. నా పని కోసం అని చెప్పడానికి నోరు రాలేదు. సారు పోయి ఇంకా ఇల్లు కూడా సర్దుకోలేదు, నేను నా థీసిస్ చూసుకుంటున్నానంటే ఏమనుకుంటారోనని, సారు పుస్తకం అనేశాను. మర్నాడు మీరు ఎంతవరకూ వచ్చిందన్నారు. రెండో చాప్టరన్నాను. అక్కడ్నుంచి అలా చెప్పుకుంటూ పోయానండి."

"అయిదో చాప్టర్లో కోరంగి మడ అడవులన్నావు."

"అన్నానండి."

"ఫొటోలు కూడా వేస్తున్నామన్నావు."

"అన్నాను. తిట్టండి అమ్మగారూ. గట్టిగా తిట్టండి. మీరు రోజూ సారు ఫొటో ముందు దీపం పెట్టి, ఆ ఫోను అక్కడ్నుంచి తీసి నంబరు చదివేవారు. నేను అవతల పెన్ను పట్టుకుని, తొందరగా చదివితే బావుణ్ణు అనుకునేదాన్ని. మీరేమో కళ్ళజోడంటారు, ఏం కూర వండారంటారు. ఈలోపు నంబరు టైం అయిపోయేది. మళ్ళీ పంపించమని నొక్కేదాన్ని. విసుక్కున్నాను కూడా అండి, మీకు వినబడకుండా. సిగ్గేస్తోంది నాకు."

"పుస్తకం లేదని నాకు తెలుసు."

"ఆఁ?"

"పుస్తకం రాస్తాను, పుస్తకం రాస్తానని పెళ్ళయిన కాడ్నుంచీ అన్నారు. ఒక్క పేజీ రాస్తే నాకు తెలీదా? టీ ఎవరు పెడతారు?"

"తెలిసీ... ఎంతవరకూ వచ్చిందని రోజూ ఎందుకు అడిగేవారండి?"

"నువ్వు చెప్పేదానివి, నేను వినేదాన్ని. బావుండేది. ఆయన నిజంగా రాసినట్టే ఉండేది."

"అయ్యో."

"అయ్యో ఏంలేదు. నాకొక్కటి చెప్పు. ఆయన పాస్‌వర్డు నీకెలా తెలుసు? నాకే చెప్పేవారు కాదు."

"హాస్పిటల్‌కి వెళ్ళేముందు, ఒక పేపరు దింపమని నాకు ఫోన్లో చెప్పారండి. పని అయ్యాక మర్చిపో అన్నారు. నేను మర్చిపోలేదు."

"ఏం పెట్టుకున్నారు?"

"మీ పేరండి. లోవలక్ష్మి అని. పక్కన మీ పెళ్ళయిన సంవత్సరం."

"పెళ్ళి రోజుకి ఒక్కసారి చీర కొన్న పాపాన పోలేదు. సంవత్సరం గుర్తుందన్నమాట."

"సారుకి అవసరమైనవి గుర్తుండేవండి. మిగతావే మర్చిపోయేవారు. నన్ను కూడా."

"నిన్నేం మర్చిపోయారు?"

"వద్దులెండి."

"చెప్పు."

"పోయిన మనిషి గురించి..."

"నా మొగుడి గురించే కదా, నాకు చెప్పు."

"నాకు సొంతంగా ఆ వీపీఎన్ ఇప్పిస్తానన్నారండి. రీసెర్చ్ వాళ్ళకి గైడు రాస్తేనే ఇస్తారు. మీ ఊరి నుంచి రోజూ యూనివర్సిటీకి రాలేవు దుర్గా, ఈ వారంలో రాసేస్తాను అన్నారు. ప్రతీ వారమూ అదే మాట. హాస్పిటల్లో పైపులు పెట్టి ఉంటే, నా కాగితం రాశారా అని ఎలా అడుగుతానండి? అడగలేదు. పోయారు. గైడు లేకపోతే కొత్తది ఇవ్వం అన్నారు ఆఫీసులో. కొత్త గైడు ఎప్పుడొస్తారో తెలీదన్నారు. అప్పుడు సారు పాస్‌వర్డు గుర్తొచ్చింది."

"ఊఁ."

"ఇంకోటి కూడా ఉందండి. ఎవరికీ చెప్పలేదు. సారుని హాల్లో పడుకోబెట్టినప్పుడు దండ వేశాను కదా. అందరూ ఏడుస్తున్నారు. నాకు కోపం వచ్చిందండి. ఒక్క సంతకం పెట్టి పోయుంటే ఏం పోయేదని. ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ఆ మాట అనుకున్నాను. కన్నకూతురిలా చూసుకున్న మనిషి. ఆ తరవాత ఆయన పేరుతో దొంగతనంగా లోపలికెళ్ళినప్పుడల్లా, మీరే కదా ఇలా చేశారు, నాదేం తప్పులేదు అనుకునేదాన్ని. తప్పు ఆయన మీదికి తోసేస్తే నంబరు అడగడం తేలికయ్యేది."

"దుర్గా."

"రేపు నిజం చెప్పేస్తానండి. మీ పేరు రానివ్వను. అది చెప్పి వెళ్దామనే వచ్చాను. ఈ ఏడాదంతా మీకు అబద్ధం చెప్పినందుకు మీ కాళ్ళు..."

"లే. లే ముందు. నా కాళ్ళు పట్టుకోకు, నేను చచ్చిపోతాను సిగ్గుతో."

"మీకెందుకండీ సిగ్గు?"

"సారు ఫోను ఏం చేస్తారిప్పుడు?"

"ఆయన లాగిన్ తీసేస్తారండి. ఇంక ఆ ఫోనుకి నంబర్లు రావు."

"రావా?"

"రావండి. మీకూ విశ్రాంతి. పొద్దున్నే నా గోల ఉండదు."

"గోల ఉండదు. పక్కింటి బుల్లబ్బాయి గారి కుక్కర్ విజిల్ వినబడుతుంది. తరవాత మధ్యాహ్నం దాకా ఏమీ వినబడదు."

"నేను వస్తూనే ఉంటానండి."

"వస్తావు. అందరూ అలాగే అన్నారు. మా సత్తిరాజు అన్నయ్యగారు కూడా ఆ గుమ్మంలో నిలబడి వస్తూనే ఉంటామమ్మా అన్నారు. కాకినాడలో ఉంటారు, మద్రాసులో కాదు. ఒక్కసారి కూడా రాలేదు."

"అమ్మగారూ, బీపీ మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఇదిగో, ఫోను పట్టుకో."

"వద్దండి, మీ దగ్గరే ఉండనివ్వండి."

"పట్టుకోమంటున్నానా! ఆ నంబర్లు వచ్చే చోటు తెరువు. పైకి జరుపు. ఇంకా పైకి. మొదట్లోకి వెళ్ళు."

"ఇవన్నీ నేను అడిగిన నంబర్లేనండి. ఎన్నున్నాయో... ఏంటండీ వెతకాలి?"

"సారుకి అన్నీ గుర్తుండేవి దుర్గా. ఆయన్ని ఏమీ అనుకోకు. ఆగు, అదే. అది చదువు."

"మీ విద్యార్థిని... నాగదుర్గకు మీరు కోరిన ప్రకారం... వీపీఎన్ అనుమతి మంజూరైంది. ఈ లింకును ఆమెకు పంపండి... అమ్మగారూ, ఇది... సారు రాశారా? హాస్పిటల్ నుంచి రాశారా?"

"పైపు ఉన్న చెయ్యి కాకుండా, రెండో చేత్తో టైపు కొట్టారు. నేనే ఫోను పట్టుకున్నాను."

"గడువు లోపల తెరవాలని ఉంది. అయిపోయిందండి ఎప్పుడో. మీరు చూడలేదా? ఇంగ్లీషులో ఉందని అర్థం కాలేదా?"

"అర్థమైంది."

"మరి నాకెందుకు చెప్పలేదండి? ఇది నా చేతికొస్తే నేను దొంగతనంగా... రేపు కమిటీ... ఎందుకు చెప్పలేదండి?"

"పెద్దకార్యం అయిన మర్నాడు వచ్చింది. చుట్టాలంతా అప్పుడే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ ఆయన ఫొటో. కాసేపటికి నువ్వు ఫోను చేసి, అమ్మగారూ ఒక నంబరు వస్తుంది చెప్తారా అన్నావు. ఈ సంగతి చెప్పేస్తే, తెల్లారి నువ్వు కూడా ఫోను చెయ్యవు కదమ్మా."