పన్ను పట్టుకుని వెళ్లిన చాదోల్

పిల్ల పన్ను దిండు కింద పెట్టించావా? ఎవరు చెప్పారమ్మా నీకు ఆ మాట? ఓహో, బళ్లో టీచరా. రాత్రికి దేవత వచ్చి పన్ను పట్టుకుపోయి దుడ్డు పెట్టి పోతుందా. సర్లే, పెట్టుకోనీ. ఇంత ఎత్తు మేడలో కూర్చుని కప్పు మీదికి విసరమంటే మాత్రం ఎక్కడికి విసురుతుంది చిన్నది పాపం, కింద ఎవరి కారు మీదో పడుతుంది. కింది పన్నేనా, ముందరిది? అదేలే, ఎవరికైనా ముందు ఊడేది అదే. ఆ కమలాల గంప ఇలా జరుపు హేరిమ్, ఒలిచి పెడతాను, నీ చేతులకి ఎలాగూ పిండి అయింది. మా గాంగ్యాంగ్‌లో అయితే వీధి పిల్లలందరి పళ్లూ సారివన్ అత్తే విసిరేది. నువ్వు చూళ్లేదు. మీ నాన్నకి గుర్తుంటుంది, వాడి పన్నూ ఆవిడే దారం కట్టి లాగింది, వాడు పెట్టిన కేకలకి మా కుక్క మంచం కింద దూరింది. ఊరేసిన రొయ్యలు అమ్మేది రేవు బజార్లో. ఆ వాసన ఆవిడ చేతులకి ఎప్పుడూ ఉండేది. ఆ చేత్తో నోట్లో వేలు పెట్టి చూసేదా, సగం మంది పిల్లలు ఆ ఉప్పు కంపుకే నోరు తెరిచేవాళ్లు కాదు. చూసి, లాగి, పన్ను అరచేతిలో పెట్టి, "వెంటనే, వెంటనే విసిరెయ్, దాచకు" అనేది. తల్లులు తర్వాత విసురుతాంలే అన్నా ఒప్పుకునేది కాదు. కాచీ పిట్ట వచ్చి పాతది పట్టుకుపోయి కొత్తది ఇవ్వాలని అడిగించి, పెంకుల మీద టక్కుమని చప్పుడు వినపడేదాకా అక్కడే నిలబడేది.

ఎందుకంటే అదే, ఆ కథే చెప్తున్నా. ఆవిడది మా ఊరు కాదు. ఉత్తరాన సారివన్ నించి యుద్ధంలో పారిపోయి వచ్చింది. మొగుణ్ణి అక్కడే పట్టుకుపోయారు, వాళ్లు పట్టుకుపోయారో వీళ్లు పట్టుకుపోయారో ఆవిడకే తెలియదు, ఏ సైన్యం బట్టల వాళ్లయితేనేం. కొడుకుని తీసుకుని నడిచి, గూడ్సు బండి పైన ఎక్కి, ఆ చలిలో... నీకేం తెలుసమ్మా ఆ చలి. నాకూ సరిగ్గా గుర్తులేదు, మా అమ్మ పాదాల వేళ్లు నల్లబడ్డం ఒక్కటే గుర్తు. ఆ పిల్లాడి పేరు చాదోల్. నా ఈడువాడే. దారిలో ఎక్కడో వాడికి పన్ను ఊడింది. మొదటి పన్ను. ఊడితే కప్పు మీదికి విసరాలి కదా, వాడికి ఆ సంగతి తెలుసు, పక్కింటి పిల్లలు చేస్తుంటే చూశాడు. "అమ్మా, మన ఇల్లేదీ, ఎక్కడ విసరను" అని ఒకటే సతాయింపు. ఆవిడ, "దిగిన చోట విసురుదువుగాని, గుప్పిట్లో గట్టిగా పట్టుకో" అందిట. దేజాన్ స్టేషన్లో బండి ఆగింది. స్టేషన్ అంటే సగం కూలిపోయింది, మిగిలిన సగానికి రేకులు. "అమ్మా ఇదిగో కప్పు" అన్నాడు వాడు. ఆవిడకి ఆకలి, జ్వరం, మూట ఎవడు ఎత్తుకుపోతాడో అని భయం. "ఇది మన ఇల్లు కాదురా, నోరు మూసుకుని కూర్చో" అంది. అని, ఎవరో పెద్ద బాన పెట్టి గంజి పోస్తున్నారంటే గిన్నె పట్టుకుని వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మూట ఉంది, వాడు లేడు. మూట ఉందమ్మా. అది ఎన్నిసార్లు చెప్పిందో నాకు. "మూట ఎవరూ ముట్టుకోలేదు సుబోక్, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది." పన్ను విసరడానికి పోయాడని ఆవిడకి తెలుసు. ఏ వైపు పోయాడో తెలియదు. ఆ జనంలో అరిస్తే అందరి పిల్లలూ తిరిగి చూశారంట.

మా ఊరికి ఎలా చేరిందో నాకు తెలియదు. నేను బడికి వెళ్తుంటే దారిలో ఆపి "నోరు తెరువు" అనేది. తెరిస్తే చూసి, "నీకు వచ్చేసింది, అయితే వాడికీ వచ్చుంటుంది" అనేది. తర్వాత పై పళ్లు ఊడాయి, వచ్చాయి, అన్నీ చూసేది. మా అమ్మకి ఒళ్లు మండేది, "వాడేమన్నా గుర్రమా, పళ్లు చూడ్డానికి" అని. నాకు కోపం ఉండేది కాదు, ఎండు చేప ముక్క పెట్టేది కదా. ఎవరెవరో వచ్చారు మళ్లీ పెళ్లి చేసుకోమని. పెద్ద పడవ ఉన్న మనిషి ఒకడు వచ్చాడు. చేసుకోలేదు. "వాడు వచ్చి చూస్తే ఏమనుకుంటాడు" అనేది. తిను, తీపిగా ఉన్నాయి.

తర్వాత, నేను లారీ నడిపే రోజుల్లో, టీవీలో ఆ కార్యక్రమం మొదలైంది కదా, యుద్ధంలో విడిపోయిన వాళ్లని కలపడం. మీ నాన్న బళ్లో ఉన్నాడప్పుడు. దేశం మొత్తం టీవీ ముందు కూర్చుని ఏడ్చింది, నేను అన్నం తింటూ ఏడ్చాను. టీవీ స్టేషన్ ముందు మైదానం నిండా మనుషులు, గోడలకీ చెట్లకీ నేల మీదా అట్టలు, ఫలానా ఊరు, ఫలానా పేరు, ఎక్కడ తప్పిపోయాడు. అత్తని నేనే తీసుకెళ్లాను సియోల్‌కి లారీలో. అట్ట మీద రాయమని నాకే చెప్పింది. పేరు, ఊరు, స్టేషన్ రాశాను. "గుర్తులు?" అన్నాను. "కింద ముందు పన్ను లేదు" అంది. నేను కలం ఆపేశాను. "అత్తా, నాకు నలభై వస్తున్నాయి, వాడికీ అంతే. పన్ను ఎప్పుడో వచ్చుంటుంది" అన్నాను. "నాకు తెలియదనుకున్నావా? ఇంకేం రాయను చెప్పు. మచ్చ లేదు, గాయం లేదు. నేను చూసినప్పుడు వాడికి పన్ను లేదు. అదే రాయి" అంది. రాశాను.

మర్నాడో ఆ మర్నాడో ఒకడు వచ్చాడు. పిల్గు అని, మోక్పో రేవులో బరువులు మోసేవాడు. అనాథాశ్రమంలో పెరిగాడు, ఆ పేరు కూడా వాళ్లు పెట్టిందే. అట్ట ముందు నిలబడి చదివి, వెళ్లిపోయి, మళ్లీ వచ్చి చదివాడు. "నాకు ఒక్కటే గుర్తుంది. ఏదో పెద్ద కప్పు మీదికి పన్ను విసిరాను, వెనక్కి తిరిగితే ఎవరూ లేరు" అన్నాడు. అంతే, అత్త కిందపడిపోయింది. ఏ పన్ను అంటే కింద ముందు పన్ను అన్నాడు. నేనూ ఏడ్చాను, కెమెరా పట్టుకున్నవాడూ ఏడ్చాడు. చెవులు చూస్తే ఆవిడ చెవులే అనిపించాయి. మరి ఇందాక నేనే అన్నాను కదమ్మా, ఎవరికైనా ముందు ఊడేది అదేనని. ఈ దేశంలో ఆ ఈడు పిల్లల్లో కప్పు మీదికి పన్ను విసరనివాడు ఎవడు? అప్పుడు నాకు తట్టలేదు. అక్కడ ఎవరికీ తట్టలేదు.

అట్ట తీసేసి మడిచి లారీలో పడేశాను. ఇంటికి వచ్చాం. అత్త వీధి వీధంతటికీ నూడుల్స్ పెట్టింది. పిల్గు పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకొచ్చాడు. ఆ పిల్ల ఆవిడ ఒళ్లోంచి దిగేది కాదు. మనిషి మంచివాడు, మాట తక్కువ, వస్తే చాలు కప్పు పెంకులు సర్దడం, బానలు కడగడం. "అమ్మా" అని పిలవడానికి చెవులు ఎర్రబడేవి, ఆ మాట వాడికి అలవాటు లేదు కదా. ఆ వర్షాకాలం అంతా, శరత్కాలం దాకా ఆ కార్యక్రమం వస్తూనే ఉంది. మా అందరి ఇళ్లలో అదే. ఆవిడ ఇంట్లో మాత్రం టీవీ పెట్టేది కాదు. "ఇంక నాకెందుకు, వాళ్ల ఏడుపు చూడలేను" అనేది. నిజమే కదా. దొరికినవాళ్లకి ఎందుకు.

ఆ చలికాలం ఆవిడకి కడుపులో గడ్డ అన్నారు. కొయ్యాలి, రక్తం కావాలి అంటే పిల్గు పరుగెత్తుకొచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పరీక్ష చేసిన డాక్టరు కుర్రవాడు, వాడికేం తెలుసు, "మీరు ఈవిడకి ఏమవుతారు" అన్నాడు. "కొడుకుని." "పెంచుకున్నారా?" అన్నాడు మామూలుగా. ఈవిడ రక్తం ఎబి గ్రూపు, వీడిది ఓ గ్రూపు. ఎబి తల్లికి ఓ గ్రూపు బిడ్డ పుట్టడంట. పిల్గు మడిచిన చొక్కా అలాగే ఉంచుకుని నడవాలో నిలబడ్డాడు. నేను క్యాంటీన్లో బార్లీ టీ ఉంది తాగుతావా అన్నాను.

చెప్పకుండా దాచేద్దామనుకున్నాం. వాడే చెప్పేశాడు, ఆవిడ లేచి కూర్చున్నాక. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడ వైపు చూసి, "ఆ మైదానంలో అట్టలు ఇంకా ఉన్నాయా" అంది. కార్యక్రమం అయిపోయింది అత్తా అన్నాను. "నేను ఇంటికొచ్చేశాక కూడా ఇన్నాళ్లూ జరిగింది కదా" అంది. అయినా తీసుకెళ్లమంది, కుట్లు మానగానే. ముగ్గురం వెళ్లాం. ఖాళీ మైదానం, గాలి. గోడకి జిగురు మరకలు తప్ప ఏం లేవు. ఊడ్చే మనిషిని అడిగింది, "ఎవరైనా సారివన్ ఆవిడ కోసం వచ్చారా?" వాడేం చెప్తాడు. "చాలామంది వచ్చారమ్మా" అన్నాడు. పిల్గు కొంచెం దూరంలో నిలబడ్డాడు. వాడి దగ్గరికి వెళ్లి ఆవిడే అంది, "నీ కోసం కూడా ఎవరో వచ్చి ఉంటారు. నువ్వు నా ఇంటి పెంకులు సర్దుతున్నావు అప్పుడు." తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. వాడు మాత్రం దెబ్బ తిన్నట్టు నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత కూడా వాడు వచ్చేవాడు. ప్రతి చుసక్ పండక్కీ ఎండబెట్టిన చేపలు పట్టుకుని. ఆవిడ అన్నం పెట్టేది, కానీ చుట్టాలకి పెట్టినట్టు, వేరే బల్ల మీద. చాదోల్ అని పిలవడం మానేసింది, పిల్గు గారూ అనేది. గారూ ఏంటత్తా అని నేను పోట్లాడాను కూడా. "నా కొడుకు వచ్చేసరికి వాడి చోట్లో ఇంకొకడు కూర్చుని ఉంటే, వాడు గుమ్మంలోంచే వెళ్లిపోతాడు" అంది. ఆఖరికి ఆవిడ మంచాన పడ్డాక వాడు పక్కన కూర్చుని, నేను అక్కడే ఉన్నాను, అడిగాడు. "ఒక్కసారి అమ్మా అంటాను, అననా?" ఆవిడకి తెలివి బాగానే ఉంది. చాలాసేపు వాడి మొహం చూసింది. వాడి చెయ్యి పట్టుకుంది కూడా. పట్టుకునే, "వద్దు నాయనా. అది మీ అమ్మకి ఉంచు" అంది.

రెండు రోజులకి పోయింది. చావింట్లో కొడుకు కట్టుకోవాల్సిన జనపనార బట్టలు ఎవరు కట్టుకోవాలి అంటే అందరూ పిల్గు వైపు చూశారు. వాడు తల అడ్డంగా ఊపాడు, ఆవిడ వద్దంది కదా. నేను కట్టుకున్నాను. వాడు గుమ్మం బయట కూర్చుని వచ్చిన వాళ్ల చెప్పులు జతలుగా సర్దుతూ ఉన్నాడు, ముక్కులు బయటికి తిప్పి, వెళ్లేటప్పుడు వాళ్లకి ఇబ్బంది లేకుండా. మూడు రోజులూ అదే పని. లోపలికి రారా అంటే, "ఎవరైనా వస్తారేమో చూస్తున్నానన్నా" అన్నాడు. ఎవరి కోసం చూస్తున్నాడో నేను అడగలేదు.

తర్వాత మోక్పో నించి ఇల్లు మారాడన్నారు. ఎక్కడికో... చాల్లే. ఈ తొక్కలు పారెయ్యకు, ఎండబెడితే టీలోకి పనికొస్తాయి.