ఎనిమిదో రోజు వెలుగు

సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్. దేవిక అక్కడ సైంటిస్టు. పురుషోత్తం టెక్నీషియన్, ఆమెకంటే వయసులో పెద్దవాడు.

“కాదండీ, ఇంకోసారి చూడండి పురుషోత్తం గారూ. ఈ గిన్నెలో కణాలు నిన్నటికంటే ఎక్కువ వెలుగుతున్నాయా, లేదా?”

“వెలుగుతున్నయ్ మేడం. మంచిదే గదా! పచ్చగ, మస్తుగ.”

“ఏం మంచిది? మామూలు ఎంఆర్‌ఎన్‌ఏ వేస్తే కణాలు ఆ పచ్చ ప్రొటీన్ తయారుచేసి, మూడో రోజుకల్లా మసకబారతాయి. నేను మార్చి చేసింది ఇంకొన్నాళ్లు నిలవాలి, అంతే. ఎనిమిదో రోజున పెరగడమేంటి?”

“మీ చేతి గుణం.”

“చేతి గుణం సంగతి తర్వాత. పొద్దున ఈ గిన్నెలుంచే ఇంక్యుబేటర్ ఎవరు తెరిచారు?”

“నేనే. ట్రేల నీళ్లున్నయా అని చూసిన.”

“నీళ్లేనా?”

“నీళ్లే మేడం. సీతాఫల్‌మండి నుంచి వచ్చుడే లేటయింది, ఇంకేం చేస్త...”

“మూత మీద రాత నాదే. కింద గిన్నె నాది కాదు.”

“ఏందీ మేడం, గిన్నెలన్నీ ఒక్కతీరే ఉంటయ్.”

“నిన్న సాయంత్రం దాని అడుగున సూదితో గీత గీశా. ఏదీ, చూపించండి.”

“జెర తలుపేస్త మేడం.”

“వద్దు. ఎన్నిసార్లు మార్చారు?”

“రెండ్రోజులకోసారి. ఫ్రీజర్ల మనం కొన్న ఎంఆర్‌ఎన్‌ఏ ఉంది గదా. కొత్త గిన్నెల కణాలకి అది ఏసి, మీ మూత పెడుతున్న.”

“మోసం కదండీ! ఎందుకిలా చేశారు?”

“ఈ పని బందైతే నా కాంట్రాక్టు సుత బందే.”

“నాలుగింటికి డైరెక్టర్ సార్ చూడ్డానికి వస్తున్నారు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా. నాది మూడ్రోజులే వెలిగిందంటాను. సిగ్గేం లేదు.”

“మూడ్రోజులెక్కడియి మేడం? మీది మొదటి రోజు సుత వెలగలే.”

“ఏమన్నారు?”

“సార్‌కి ఫొటో పంపిండ్రు గదా, అది చూసే మిమ్మల్ని టీమ్‌కి హెడ్‌ని చేసిండ్రు. ఆ ఫొటోల ఉన్నది నేను పెట్టిన గిన్నెనే.”

“అబద్ధం.”

“మీది పారేయలే. కింది అరల ఉంది. చూస్తరా?”

“వద్దు... వద్దు.”

“ఫోన్ చేస్తున్నరా మరి?”

“ముందు ఆ తలుపెయ్యండి. ఈ గిన్నె తీసేసి, ఎనిమిదో రోజంటే ఎవరైనా నమ్మేలా, కాస్త మసగ్గా ఉన్నది పెట్టండి.”