అక్క సంతకం వద్దు మేడమ్

మా అక్క సంతకం పెడితే తప్ప నేను మనుషుల లెక్కలోకి రానా మేడమ్?

అబ్బే, కోపం కాదు. నా గొంతే అంత. డ్రమ్ముల పక్కన పెరిగిన గొంతు కదా, గుసగుసలాడినా వీధి చివరిదాకా పోతుంది. తలుపు వేశారా? మంచి పని చేశారు. బయట మీ స్టాఫంతా అక్క చుట్టూ మూగి సెల్ఫీలు దిగుతున్నారు. క్యాషియరు గారైతే కౌంటరు వదిలేసి మరీ వెళ్లారు. క్యూలో వాళ్లేమీ అనట్లేదు లెండి, వాళ్లూ అక్కడే ఉన్నారు! మీకూ వెళ్లాలనుంది, నాకు తెలుసు. కాసేపు ఓర్చుకోండి. ఎక్కడికీ పోదు. ఫొటో అడిగితే కాదనడం మా అక్కకి చేతకాదు.

ఏంటీ, నేనేం చేస్తానా? లోను ఫారంలో రాశానుగా, డ్రమ్మర్ అని. "అది సరే, ఉద్యోగం?" అంటారు. అందరూ అదే అంటారు. మా పిన్ని అయితే అడిగినవాళ్లందరికీ "చిన్నది అక్కకి తోడుగా వెళ్తుంటుంది" అని చెబుతుంది. తోడట! స్టేజీ మీద డ్రమ్ముల మోత ఆపడానికి పెట్టే ప్లాస్టిక్ అద్దం వెనక కూర్చుని, చెమటలు కారుతూ, ఒళ్లు హూనమయ్యేలా వాయించేది తోడు కోసమా?

అన్నట్టు, ఇందాకట్నుంచి పెన్నుతో బల్ల మీద ఏం కొడుతున్నారు? ధడ్ ధడ్... తక. అయ్యో, ఆపకండి! అక్క పాట మొదలు కదా అది? ఆ దరువు నాది మేడమ్! అక్క నోరు తెరవకముందే జనం లేచి నిలబడేది దానికే. మరి నాకెంత వచ్చిందంటారా? ఒక పూట కూలి. రికార్డింగు రోజు చేతిలో పెట్టారు, అంతే. మాట రాసినవాళ్లకీ వరస కట్టినవాళ్లకీ పాట మోగినప్పుడల్లా వాటా. దరువు కట్టినదానికి చేతి నిండా బొబ్బలు! ఇదెక్కడి న్యాయం అంటే, న్యాయం కాదు, రివాజు అంటారు. పోనీండి, దాని మీద పోట్లాడటానికి ఇంకోరోజు వస్తా.

నిజానికి అక్క షోలు నా సంపాదనలో సగం కూడా కాదు. మిగతాదంతా ఆ షెడ్డే. బస్టాండు వెనక రేకుల షెడ్డు. గోడలకి పాత పరుపులు కొట్టించాను, పక్కవాళ్లు నన్ను కొట్టకుండా. పొద్దున పిల్లలొస్తారు, సాయంత్రం పెద్దలు. ఒక పళ్ల డాక్టరు గారున్నారు చూడండి, పగలంతా జనం నోళ్లలోకి తొంగిచూసి, ఆ కసంతా తెచ్చి నా డ్రమ్ముల మీద తీర్చుకుంటారు. తాళం ఛస్తే కుదరదు. ఫీజు మాత్రం ముందే కట్టేస్తారు, బంగారంలాంటి శిష్యుడు! ఖాళీ ఉంటే వేరే బ్యాండ్లు అద్దెకి తీసుకుంటాయి. ఇప్పుడు ఓనరు దాన్ని అమ్మేస్తున్నాడు. నేను కొనకపోతే టైల్స్ షాపాయన కొనేస్తాడు. అప్పుడు నా పాఠాలెక్కడ చెప్పుకోను, పిన్ని వంటింట్లోనా?

అవునవును, విన్నాను. అక్కగారు హామీ ఉంటే రేపే ఇచ్చేస్తామంటున్నారు. ఉంటానంటోంది కూడా. "నువ్వు నోరు మూసుకుని కూర్చో, నేను చూసుకుంటా" అని పొద్దున్నే తయారై వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలి. అక్క దగ్గర చిల్లిగవ్వ లేదు మేడమ్.

నవ్వకండి. సరే, నవ్వండి, నేనూ ముందు నవ్వాను. పైన పటారం, లోన లొటారం! పాటల కంపెనీవాళ్లు అడ్వాన్సు ఇస్తారు, దాన్ని జీతమనుకుంది పిచ్చిమొహం. అది అప్పు కదా! పాట ఎంత మోగినా దాని వాటా ముందు ఆ అప్పుకే జమ. తీరకముందే ఇంకో అడ్వాన్సు. దాంతో స్టేజీ మీద నిప్పులు చిమ్మే గొట్టాలు, బస్సెడు మంది డ్యాన్సర్లు. టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయని మేం కేకు కోసుకున్న రోజున కూడా నష్టమే!

తను చెప్పలేదు. డ్రమ్ము కర్రలు కొందామని పాత వాయిద్యాల కొట్టుకి వెళ్తే, గోడకి వేలాడుతోంది అక్క మొదటి గిటారు. ఎవరూ గుర్తుపట్టకుండా పాలిష్ పెట్టించి మరీ అమ్మింది. కానీ అంచున నా పాలపళ్ల గాట్లు ఎక్కడికి పోతాయి? చిన్నప్పుడు నన్ను ముట్టుకోనివ్వలేదని కొరికి పారేశాను లెండి! ఎప్పుడు అమ్మిందని కొట్టాయన్ని అడిగాను. అది అమ్మిన మర్నాడే మా బ్యాండు మొత్తానికి జీతాలు పడ్డాయి మేడమ్. నాకూ పడింది. ఆ డబ్బుతో నేను ఐస్‌క్రీం తిన్నాను.

నాకు తెలుసన్న సంగతి దానికి తెలీదు. ఇప్పుడు దర్జాగా వచ్చి కూర్చుంటుంది. మీరు కంప్యూటర్లో దాని పేరు కొడతారు. అప్పులన్నీ తెర మీద బారులు తీరతాయి. మీరు మర్యాదగా ఓ దగ్గు దగ్గుతారు. అంత జనం ముందు ఎత్తుకుని తిరిగే తల, నా ముందు దించుకుంటుంది. ఆ సీను నేను చూడలేను. అలాగని షెడ్డు వదులుకోనూ లేను, అంత త్యాగమూర్తిని కాదు!

అందుకే నా ఖాతా ఒక్కటే చూడండి. ఏ నెలా ఖాళీ లేదు. షెడ్డు కాగితాలు మీ దగ్గరే పెట్టుకోండి. ఇన్నాళ్లూ అద్దె కట్టినదాన్ని, వాయిదా కట్టలేనా? చూస్తున్నారా? కిందికి జరపండి. ఇంకా కిందికి. ఆఁ... ఇప్పుడు మీ కనుబొమలు పైకి లేచాయి, నేను చూశాను!

ఇదిగో, తలుపు కొడుతోంది. తనే. లోపలికి రాగానే, అది కుర్చీ లాక్కోకముందే, మామూలుగా నవ్వుతూ ఒక్క మాట అనండి: "మీరెందుకమ్మా, మీ చెల్లెలి సంపాదన చాలు." కాస్త గట్టిగా అనండి మేడమ్, స్పీకర్ల పక్కన నిలబడీ నిలబడీ మా అక్కకి చెవులు మందం.