పిడికిట్లో గరిక

సంతకం పెట్టనన్నానా దారోగాబాబూ? పెట్టలేనంటున్నాను. ఇదిగో కుడిచెయ్యి, చూడండి. పిడికిలి. ఇందులో ఏముందో ఇందాకట్నించి మూడుసార్లు చెప్పాను. గరిక. వ్రతకథ పూర్తయ్యేదాకా ఈ పిడికిలి విప్పకూడదు. విప్పకుండా కలం ఎలా పట్టుకోమంటారు?

ఎడమచేతి వేలిముద్రా? బాగుంది! తొమ్మిదో క్లాసు దాకా చదివినదాన్ని. ఈ కాల్నా ఊళ్లో షష్ఠి వ్రతకథ అంటే నలభై ఏళ్లుగా నా గొంతే. నేను వేలిముద్ర వెయ్యాలా?

టీ వద్దు. నీళ్లూ వద్దు. పొద్దుట్నించి ఉపవాసం. అలా చూడకండి, కళ్లు తిరిగి పడిపోనులెండి.

పేరు రాసుకోండి. ఆన్నాకాళీ హాజ్రా. మీ కానిస్టేబుల్ నవ్వుతున్నాడు చూడండి! మా అమ్మకి నేను ఐదో ఆడపిల్లని. 'ఇంక వద్దు తల్లీ కాళీ' అని దణ్ణం పెట్టుకుని, ఆ దణ్ణాన్నే నాకు పేరుగా తగిలించారు. నవ్వుకోనివ్వండి, అరవై మూడేళ్లుగా వింటున్నా.

ఇంతకీ ఆ కాగితంలో ఏమని ఉంది? మళ్లీ చదవండి. 'రెండో భాగం విడుదలయ్యేదాకా ఈ కథ ఎవరికీ చెప్పను' అనా? పిల్లల్ని కాచే షష్ఠమ్మ కథా? ఎవరి సొత్తండీ అది? మా అమ్మమ్మకి వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథ. దాన్ని నేను బయటపెట్టేశానట! అసలు లోపల ఎప్పుడుంది, బయటపెట్టడానికి?

సరే, మొదట్నించీ చెబుతా.

పదిరోజులుగా ఆ ఛాయాశ్రీ హాలు మేనేజరు గదాధర్ పాల్ రిక్షాకి మైకు కట్టించి ఊరంతా తిప్పాడు. 'షష్ఠి పంజా! షష్ఠి పంజా! అమ్మలారా, జ్యేష్ఠమాసం షష్ఠినాడే విడుదల! తల్లి మహిమ తెరమీద చూసి తరించండి! వ్రతం పట్టిన ఆడవాళ్లకి సగం టిక్కెట్టే!' అన్నాడా, లేదా? మీ స్టేషన్ ముందునుంచే పోయింది ఆ రిక్షా. దయ్యాల సినిమా అని ఒక్క ముక్క చెప్పాడా?

పోస్టరు చూశాం. అమ్మవారు, ఒళ్లో బిడ్డ, పక్కన ఆవిడ వాహనం నల్లపిల్లి. షష్ఠమ్మంటే అంతేగా మరి! పిల్లి కళ్లు ఎర్రగా ఉంటే అచ్చులో రంగు ఎక్కువైందనుకున్నాం.

పైగా ఈ ఏడాది నా గొంతు బొంగురుపోయింది. ఊఁ... పోయింది. దాంతో మా పక్కింటి ప్రతిమ, 'పోన్లే దీదీ, ఈ ఏడు నీ గొంతుకి సెలవు. దేవుడి కథేగా, హాల్లోనే విందాం' అంది.

ముప్ఫై ఆరుమందిమి. గంగలో మునకలేసి, తడిపిన తాటాకు విసనకర్రలు, మామిడిపళ్లు, పిల్లల చేతులకి కట్టే పసుపుదారాలు, శంఖం, అన్నీ పట్టుకెళ్లి మధ్యాహ్నం ఆటకి కూర్చున్నాం. గేటు దగ్గరివాడు 'విసనకర్రలెందుకమ్మా, లోపల ఏసీ ఉంది' అన్నాడు. ఏసీ లేదు. అదీ రాసుకోండి.

పేర్లు పడగానే ప్రతిమ శంఖం ఊదింది. మేమంతా నాలుకలాడించి మంగళంగా ఉలుఉలు మన్నాం. తలా ఆరు గరికపోచలు పిడికిట్లో పట్టుకున్నాం. అదిగో, అక్కడే జరిగింది పొరపాటు. గరిక పట్టాక కథ సాంతం వినాల్సిందే. మధ్యలో లేస్తే పిల్లలకి కీడు. మీ అమ్మా పట్టుకునే ఉంటుంది, ఫోన్ చేసి అడగండి కావాలంటే.

ఇక సినిమా! ఏం చెప్పమంటారు!

ఓ పాడుబడ్డ భవంతి. ఆ ఇంటి చిన్నకోడలికి ఏడుగురు పిల్లలు. ఆరుగుర్ని పిల్లి ఎత్తుకుపోయింది. ఏడోదాన్ని కాపాడుకోవాలి. ఆ పిల్లేమో కంప్యూటర్లో చేసిన పిల్లట. ఒకచోట దానికి ఐదు కాళ్లున్నాయి. నేనొక్కదాన్నే కాదు, ప్రతిమా చూసింది.

షష్ఠమ్మ వచ్చింది. కోరలు! వేళ్లలోంచి నీలం మెరుపులు! అయ్యో, మీరు పుట్టిన ఆరోరోజు మీ తలాపున కూర్చుని కాపు కాసిన తల్లండీ ఆవిడ. ఆవిడకి కోరలేమిటి?

గోడలోంచి ఓ దయ్యప్పిల్ల పాక్కుంటూ వచ్చి మెట్లమీంచి దబ్బున పడింది. మా ముప్ఫై ఆరు నోళ్లూ ఒక్కసారే 'షాట్! షాట్!' అన్నాయి. మరి పిల్ల పడితే అనమా? షష్ఠమ్మా కాపాడు అని నోరు దానంతటదే అంటుంది. మనిషిపిల్లా దయ్యప్పిల్లా అని విచారించి అంటామా? ప్రతిమయితే లేచి నిలబడి, తడి విసనకర్రతో తెరకేసి చల్లగా గాలి కూడా విసిరింది. ముందువరసలో ఓ కొత్తజంట, భయపడదామని పాపం టిక్కెట్టు కొనుక్కొచ్చారు. నవ్వలేక చచ్చి మధ్యలోనే లేచిపోయారు. భయం పాడుచేశామని గదాధర్ ఫిర్యాదులో రాయించాడుగా? అది నిజమే, పాడుచేశాం.

నాకు ఒళ్లు మండించింది ఇంకోటుంది. తల్లి ప్రేమ గురించిన సినిమా అన్నారా? రెండు గంటలు. కత్తి పట్టింది, జుట్టు విరబోసుకుంది, కాగడా తీసుకుని పరిగెత్తింది, 'నేను తల్లినీ!' అని ఏడుసార్లు అరిచింది. ఆ రెండుగంటల్లో ఆ పిల్లకి ఒక్క ముద్ద తినిపించలేదు! పొద్దుట్నించి ఏం తిన్నావే అని అడగనన్నా లేదు. దయ్యం దాకా ఎందుకండీ, ఆకలికే పోయేది ఆ పిల్ల.

సరే, ఏదో ఒకటి, కథ కథేగా. చిన్నకోడలు దొంగచాటుగా చేప తినేసి పిల్లి తిన్నదని చెప్పడం, పిల్లికి కోపం రావడం, అంతా చూపించారు. ఏడోదాన్నీ ఎత్తుకుపోయింది పిల్లి. ఏడుగుర్నీ గోడకి మూటలు కట్టి వేలాడదీశారు. కోడలు మోకాళ్లమీద పడింది. షష్ఠమ్మ పంజా ఎత్తింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. ఇదిగో, ఇప్పుడు కోడలు తప్పు ఒప్పుకుంటుంది, తల్లి ఏమంటుందో విందామని.

తెర నల్లబడింది. 'మిగతాది రెండో భాగంలో' అని పడింది. లైట్లు వేసేశారు.

మేం లేవలేదు.

ఎలా లేస్తాం? పిల్లలింకా గోడకి వేలాడుతున్నారు! ప్రతిమ కోడలికి ఎనిమిదో నెల. లేస్తుందా ప్రతిమ? గదాధర్ వచ్చాడు. 'అమ్మా, అయిపోయింది, మూడింటి ఆటకి జనం నిలబడ్డారు' అన్నాడు. అయిపోలేదుగా నాయనా అన్నాం. 'మిగతాది వచ్చే ఏడాదమ్మా' అన్నాడు. వచ్చే ఏడాది దాకా ఇలాగే పిడికిలి బిగించుకుని కూర్చోమంటావా, అన్నం ఎలా తినాలి, జడ ఎలా వేసుకోవాలి అని ప్రతిమ నిలదీసింది.

బయట ఎవరనుకున్నారు? ఊళ్లో అల్లుళ్లంతా! షష్ఠినాడు అల్లుళ్లకి విందు పెట్టాలిగా, అత్తగారిళ్లలో వేటమాంసం, పులసచేప, పాయసం గొంతుదాకా తిని, పెళ్లాల్ని తీసుకుని మూడింటి ఆటకొచ్చారు. ఆ ఎండలో, ఆ కడుపులతో నిలబడ్డారు.

గదాధర్ పాపం చెమటలు కక్కుతూ కలకత్తాలో సినిమావాళ్లకి ఫోన్ చేశాడు. కనీసం ఆఖర్న ఏమవుతుందో ఫోన్లో చెప్పండి, ఆడవాళ్లకి వినిపించి లేపేస్తాను అని బతిమాలాడు. వాళ్లేమన్నారో తెలుసా? ఇంకా రాయలేదట! నవ్వకండి. రాయనే లేదట దారోగాబాబూ. ఊరూరా చెప్పుకునే కథకి ముగింపు వాళ్లు ఆలోచిస్తున్నారట!

అప్పుడు అందరూ నావైపు తిరిగారు. 'దీదీ, బొంగురు గొంతయినా పర్లేదు, నువ్వే చెప్పెయ్' అన్నారు.

వెళ్లాను. తెర ముందు నిలబడి చెప్పాను. కోడలు అడవిలో పడి ఏడుస్తూ పోతే షష్ఠమ్మ ముసలమ్మలా ఎదురొచ్చి, 'అదిగో, దారిలో కుళ్లిపోయిన పిల్లి శవం ఉంది. కుండెడు పెరుగు దానిమీద పోసి, ఆ పెరుగంతా నాలుకతో నాకి మళ్లీ కుండలోకి ఎత్తు' అంటుంది. పురుగులు పట్టిన పిల్లి. ఆ కోడలు నాకుతుంది. అదండీ భయమంటే! ఐదుకాళ్ల పిల్లి కాదు. ఇది వదిలేసి నీలం మెరుపులు తీశారు మూర్ఖులు! అలా నాకాకే తల్లి క్షమించి, ఏడుగుర్నీ తిరిగి ఒళ్లో పెడుతుంది.

తలుపులు తీసే ఉన్నాయి. అల్లుళ్లంతా తొంగిచూస్తూ విన్నారు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు మెట్లమీద కక్కుకున్నారు. మిగతావాళ్లు, ముగింపు తెలిసిపోయిందిగా, ఇంకెందుకు అని టిక్కెట్లు వాపసిమ్మన్నారు. అంతే నేను చేసిన నేరం. ఆడవాళ్లంతా ఉలుఉలు మని, గరిక అక్కడే వదిలి, ఇళ్లకిపోయి అటుకులూ పెరుగూ తింటున్నారు ఈపాటికి.

ఏమిటీ? ముప్ఫై అయిదుమంది వదిలేశారు, నువ్వెందుకు వదల్లేదనా?

ఆ కానిస్టేబుల్ని కాస్త బయటికి పంపండి.

వాళ్లు విన్నారు బాబూ. నేను చెప్పాను. చెప్పడం వేరు, వినడం వేరు. కథ విన్నవాళ్లకే ఫలం.

నలభై ఏళ్లుగా పుస్తకం నా చేతిలో, గరిక వాళ్ల చేతుల్లో. పిల్లలున్న తల్లులు పట్టాలిగా గరిక. నాకు ఎవరున్నారని? 'ఆన్నాకాళీ గొంతు బాగుంటుంది, తను చదువుతుందిలే' అన్నారు మొదటి ఏడాది. మంచికే అన్నారు. ఈ ఏడు హాల్లో చీకటిగదా, ఎవరు చూస్తారని ఆరు పోచలు నేనూ పట్టుకున్నా. ఈ నలభై ఏళ్లలో ఒక్కసారైనా పట్టుకోలేదు.

గొంతు... గొంతుకేమీ కాలేదు. అబద్ధమాడాను. ఈ ఒక్క ఏడాదైనా ఇంకొకళ్ల నోట విందామని. ఆడది తప్పు ఒప్పుకుంటే ఆ తల్లి మొహం ఎలా పెడుతుందో కళ్లారా చూద్దామని. అబద్ధమాడటం నాకు కొత్తేం కాదు.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. మా పిల్లాడు ఖోకాకి ఐదోనెల. ఇలాగే షష్ఠి. ఆడపడుచు మొగుడొచ్చాడు. అల్లుడికని మా అత్తగారు పెద్ద కట్లచేప తలకాయ వండి మూతపెట్టింది. నాకు పొద్దుట్నించి ఉపవాసం, పిల్లాడు పాలు తాగేస్తున్నాడు, కళ్లు చీకట్లు కమ్మాయి. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నా. తినేశాను. తలకాయంతా. ముళ్లు కూడా చీకేశాను.

ఎవరు తిన్నారని అరిచింది అత్తగారు. పిల్లి అన్నాను.

నల్లపిల్లి. మా ఇంట్లోదే. పొయ్యిపక్కన పడుకునేది, దాని మానాన అది. మా మరిది దాన్ని కట్టెతో బాది, గోనెసంచిలో వేసి, పడవమీద గంగ అవతలి ఒడ్డున పారేసి వచ్చాడు. సంచి కదుల్తూనే ఉంది. నేను నోరెత్తలేదు.

ఆషాఢంలో మా ఖోకా పోయాడు. జ్వరమన్నారు డాక్టరు. జ్వరమే. నాకూ తెలుసు జ్వరమేనని. మళ్లీ కడుపు పండలేదు. మా ఆయనకి చెప్పలేదు, ఆయన పోయి పదకొండేళ్లయింది, ఆయన ఫొటోకి కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నా, అదీ స్టేషన్‌లో కూర్చుని. రాసుకోకండి ఇది.

ఏటేటా ఆ పెరుగు దగ్గరికొచ్చేసరికి నా గొంతు తడబడేది. అందరూ భక్తి అనుకునేవాళ్లు. నేనూ నాకేదాన్ని బాబూ. పురుగులున్నా సరే నాకేదాన్ని. కుండ పట్టుకుని అవతలి ఒడ్డుకి మూడుసార్లు వెళ్లాను. ఆ పిల్లి ఎక్కడ పడి చచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు.

అయ్యో, నువ్వెందుకు నాయనా కళ్లు తుడుచుకుంటావు? ఏ ఊరు మీది? మీ అమ్మ ఉందా? చిన్నప్పుడు పసుపుదారం కట్టి ఈ కథ చెప్పే ఉంటుంది. గుర్తుందా? కొంచెం గుర్తున్నా చాలు. తప్పులు పోయినా నేనేం అనుకోను.

నువ్వు చెప్పు. అది చెబితే ఈ పిడికిలి విప్పేస్తా. నీ కాగితం మీద ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతా, ఇంక జన్మలో ఈ కథ ఎవరికీ చెప్పనని రాసిస్తా.

పెరుగు దగ్గర్నించి మొదలుపెట్టు నాయనా. నేను ఊ కొడతాను.