అవసరమైతే ఒకటి

మళ్లీ లైన్లో నిలబడమంటావేంటి తల్లీ! ఇది నాకు మూడో కౌంటరు. ఆసుపత్రిలో అడిగితే, ఇచ్చిన మందు వెనక్కి తీసుకోం, కొన్న షాపులో అడగమన్నారు. ఆ షాపువాడేమో పాత మందులు వేసే డబ్బా మీ దగ్గరే ఉందని ఇటు తోలాడు. నా మోకాళ్లు ఇంకో కౌంటరు దాకా రావమ్మా. ఇక్కడే తేల్చెయ్.

ఇదిగో సంచీ. అన్నీ మా ఆయనవే. పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు... అయ్యో, నువ్వెందుకు బాధపడతావు, నీకేం తెలుసు!

సింకులో పోసెయ్యి వదినా అంది మా ఆడపడుచు. అలా పొయ్యకండి, నీళ్లలో కలుస్తాయని మందుల షాపువాడే వద్దన్నాడు. చెత్తబుట్టలో వేద్దామంటే ఎవరి చేతిలో పడతాయోనని భయం. పక్కింటావిడైతే మరీనూ. "పారేయడమెందుకు, నా నడుం నొప్పికి ఇవ్వరాదూ" అంది. గుప్పెడు చక్కెర అడిగినట్టు అడిగింది! నీ ఒంటికి ఏమవుతుందో ఎవరికి తెలుసు, ఇవ్వనంటే ఇవ్వనన్నాను. మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

సీసాల మీద పేరున్న కాగితం చింపాలా? ఆగాగు, నేను చింపుతాను. చూడు, ఎంత చిన్న అక్షరాల్లో వేశారో ఆయన పేరు. మా కుట్టు షాపు బోర్డు మీదైతే మూరెడు అక్షరాలతో రాయించుకున్నాడు మహానుభావుడు. దర్జీలే. ముప్పై ఏళ్లు ఆయన కత్తిరించాడు, నేను పక్కన కూర్చుని కాజాలు కుట్టాను.

ఏంటీ, ఆ సీసాలోవి లెక్కపెట్టాలా? యాభై ఏడు. నిన్న నేనే లెక్కపెట్టాను. అరవైలో మూడే వాడాం, మొదట్లో. గట్టి మందు కదా, ఇన్ని ఎందుకు మిగిలాయని నీ అనుమానం. దానికీ ఫారంలో గడి ఉందా? ఉంటుంది, ఉంటుంది. మీకు అన్నిటికీ గడులుంటాయి.

చెప్తాను విను. మామూలు బిళ్లలకి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని రాసింది డాక్టరమ్మ. ఈ సీసాకి మాత్రం, నొప్పికి, "అవసరమైతే ఒకటి" అని రాసింది.

ఆ మాట మా షాపులో రోజుకు పదిసార్లు వినబడేది. చొక్కా కుట్టేటప్పుడు పక్క కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి వదిలేస్తాం. ఒళ్లు చేశాక అవసరమైతే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. ఎవడొస్తాడమ్మా విప్పించుకోడానికి! ఆ గుడ్డ లోపలే ఉండి చొక్కాతో పాటే చిరుగుతుంది. అవసరమైతే అంటే మాకు అదీ. ముట్టుకోకుండా దాచేది.

దాచాను. దారపు రీళ్ల డబ్బాలో, అడుగున. ఆయనా అన్నాడు, "ఉంచవే, ముందుముందు ఇంకా ఎక్కువొస్తుందేమో" అని. పళ్లు బిగించి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నొప్పా అంటే "ఆఁ, పర్లే" అనేవాడు. నేను నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉండేది, అది కూడా నిజమే.

ఒక్కసారి ఫోన్ చేసి డాక్టరమ్మని అడిగుండొచ్చుగా? అడగలేదు. ఆ మాటకి అర్థం నాకు తెలియకపోవడమేంటి అనుకున్నాను.

ఆఖరి రోజుల్లో ఆయనకి మాట సరిగ్గా వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుని "విప్పవే" అన్నాడు. చొక్కా బిగుతైందేమోనని గుండీలు విప్పాను. కాదని తల అడ్డంగా ఊపాడు. "ఇంక విప్పెయ్యవే" అన్నాడు మళ్లీ. దుప్పటి తీశాను. ఫ్యాను పెంచాను. పైజామా నాడా కూడా వదులు చేశాను. నావంక చూసి, చూసి, కళ్లు మూసుకున్నాడు. సాయంత్రం దాకా మూలుగుతూనే ఉన్నాడు. మూడో రోజుకి పోయాడు.

నిన్న ఈ సంచీ సర్దుతూ రీళ్ల కింద నుంచి సీసా పైకి తీశాను. అప్పుడు తెలిసింది తల్లీ, ఏం విప్పమన్నాడో. కుట్టు విప్పమన్నాడు. దాచింది తియ్యమన్నాడు. బిళ్ల అడిగాడు నన్ను! ముప్పై ఏళ్లు పక్కన కూర్చున్నదాన్ని, ఆ మాట నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? నేనేమో గుండీలు విప్పాను.

పొయ్యి, ఆ డబ్బాలో పోసెయ్యి. నా ముందే పొయ్యి.

గడిలోనా? ఇదంతా ఎక్కడ పడుతుందమ్మా ఆ గడిలో. "అవసరం పడలేదు" అని రాసెయ్. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు.